టిక్కు ఉన్న వైపు

నా నవలలో ‘భయంకరమైన’ అనే మాట నూట పన్నెండు సార్లు వచ్చిందని సంపాదకురాలు చెప్పినప్పుడు, అంత ఓపికగా లెక్కపెట్టినందుకు ముందు నాకు సంతోషమే కలిగింది. పదకొండేళ్లుగా రాస్తున్న ఆ నవలను అంత శ్రద్ధగా చదివినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు.

ఆమె గది సైకిళ్లు బాగుచేసే షాపు పైన ఉంది. కింద టైర్లకు గాలి కొట్టే చప్పుడు, పైన ప్రూఫు కాగితాలు ఎగరకుండా వాటి మీద పెట్టిన తాళంచెవుల గుత్తులు. డెబ్బై ఏళ్ల మనిషి. మాట్లాడుతున్నంతసేపూ పెన్సిలు చెక్కుతూ ఉంటుంది. నా నవల సంగతి తేలేసరికి సగం పెన్సిలు పొట్టయిపోయింది.

“రెండు వందల ఏళ్ల తర్వాత జరిగే కథ. సరే. సూర్యుడు కనిపించడు. సరే. మనుషుల మెదళ్లలో యంత్రాలు పెట్టారు. అదీ సరే. నాకు మాత్రం ఎక్కడా భయం వెయ్యలేదండీ. నిన్న మధ్యాహ్నం మీ ఏడో అధ్యాయం చదువుతూ ఓ కునుకు కూడా తీశాను.”

“ఏడో అధ్యాయంలో నగరం మొత్తం కాలిపోతుంది మేడమ్.”

“అవును. వెచ్చగా ఉంది.”

ఆమె పెన్సిలు మొన వేలితో చూసుకుంది.

“మీ కథానాయకుడు ఉండే గది ఉంది కదా. దాని తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా?”

“ఆ కాలానికి తలుపులుండవండీ. గుమ్మం దగ్గర కిరణాలుంటాయి.”

“కిరణాల్ని చూసి ఎవరికండీ భయం? చప్పుడు కాకుండా తలుపేసుకునే మనిషిని చూపించండి, నాకు భయమేస్తుంది. ఊళ్లు తగలబెట్టడం తేలిక. మీ నగరంలో ఎవరూ కూర్చోరు, ఎవరూ గ్లాసు కడగరు, ఎవరికీ తుమ్ము రాదు. మనుషులు బతికే చోటు కనిపించకపోతే వాళ్ల మీద ఏం విరుచుకుపడినా నాకేం?” ఫైలు మూసేసింది. “నెల రోజులిస్తాను. ఒక్క అధ్యాయం, ఒక్క గది. అది చదువుతుంటే నాకు ఊపిరాడకపోతే పుస్తకం వేస్తాం. ఆడిందంటే, ఇకమీదట మనం టీ తాగడానికే కలుద్దాం.”

ఆమె టీ బాగుండదు. కాబట్టి నా పరిస్థితి మీకు అర్థమయ్యే ఉంటుంది.

నేను ఒక పెద్ద కార్యాలయంలో సూచనలు రాసే గుమాస్తాను. ఆ భవనం గోడల మీద కనిపించే ప్రతి వాక్యం నాదే. ‘వరుస తప్పరాదు.’ ‘ఫారం నింపనిదే కౌంటరు వద్దకు రారాదు.’ ‘కుర్చీలు జరపరాదు.’ రోజుకు రెండు వేల మంది నన్ను చదువుతారు, చదివి చెప్పినట్టు చేస్తారు. ఇంత విధేయులైన పాఠకులు మరే రచయితకూ ఉండరు. అయినా నా మనసంతా ఎవరూ చదవని ఆ నవల మీదే ఉండేది. మనిషికి తనలో ఏది బాగుందో తనకే తెలియకపోవడం గురించి మనస్తత్వ శాస్త్రంలో చాలా ఉంది. నేను చాలా చదివాను. అన్నీ ఇతరులకు వర్తించే విషయాలుగా చదివాను.

నా ఇల్లు రెండో అంతస్తులో మూడు గదులు. ఆరేళ్ల కిందట బావకు చూపు మందగించి బస్సు నడిపే ఉద్యోగం పోయినప్పుడు, అక్కా, బావా, మేనకోడలూ నా దగ్గరికి వచ్చారు. రమ్మన్నది నేనే. ఒంటరివాణ్ని, వాళ్లు రావడం నాకు నిజంగా ఇష్టం. వాళ్లతోపాటు వాళ్ల చప్పుడు కూడా వస్తుందని ముందుగా ఆలోచించలేదు, అంతే.

అందుకని కొన్ని కాగితాలు రాసి అంటించాను. వంటగదిలో: ‘మిక్సీ ఉదయం 7 నుండి 7.10 వరకు మాత్రమే వాడవలెను.’ స్నానాల గదిలో: ‘గడియ వేయునప్పుడు వేలు అడ్డం ఉంచి నెమ్మదిగా వేయవలెను.’ ముందు గదిలో: ‘ఫోను మెట్ల మీద మాట్లాడవలెను.’ నా గది తలుపు మీద: ‘తలుపు తట్టరాదు. అత్యవసరమైనచో కాగితం లోనికి జారవిడువవలెను.’ బావకు కళ్లు సరిగా ఆనవు కాబట్టి ఆయన కోసం అక్షరాలు పెద్దవి చేశాను. ఇలాంటి విషయాల్లో నేను చాలా సున్నితమైనవాణ్ని.

బావ నాకు ‘సర్క్యులర్’ అని పేరు పెట్టాడు. “సర్క్యులర్ వచ్చాడా? సర్క్యులర్ భోంచేశాడా?” అనేవాడు. అది ప్రేమతో అన్నదేనని నేను నిర్ణయించుకున్నాను.

కార్యాలయంలో అంచులు నలిగిన తెల్లకాగితాలు పారేస్తుంటే పై అధికారిని అడిగి ఇంటికి తెచ్చుకునేవాణ్ని. వాటి మీద ఒకవైపు శబ్దాల పట్టిక రాసేవాణ్ని. ఇంట్లో ఏ చప్పుడు ఎప్పుడు వచ్చిందో, ఎంతసేపు ఉందో టైముతో సహా. అది నిండాక వెనకవైపు నవల రాసేవాణ్ని. మేనకోడలు కళ్లజోళ్ల షాపులో పని చేస్తుంది. ఆదివారాలు తన కంప్యూటరులో నా నవల టైపు చేసి పెట్టేది. ఏ వైపు కొట్టాలో తెలిసేందుకు నవల ఉన్న వైపు పైమూల టిక్కు పెట్టేవాణ్ని. మొదట్లో ఆ పిల్ల, “మావయ్యా, ఇక్కడ వాక్యం తెగిపోయిందేంటి? ఈ పాత్ర మొన్నే చచ్చిపోయాడుగా?” అని అడుగుతుండేది. ఆమె బల్ల ముందు కూడా ఒక కాగితం అంటించాను: ‘టిక్కు ఉన్న వైపే టైపు చేయవలెను. ప్రశ్నలు అడగరాదు.’ తర్వాత అడగలేదు.

సంపాదకురాలు గడువిచ్చిన రోజు నుంచే వాతావరణం కోసం వెతకడం మొదలుపెట్టాను. ముందు నా కిటికీకి నల్లకాగితం అతికించి, చీకట్లో కూర్చున్నాను. చీకట్లో రాయడం కుదరదని కూర్చున్నాకే తెలిసింది. టార్చి కొనుక్కున్నాను. నోట్లో పెట్టుకుంటే చొంగ కారింది. తర్వాత కార్యాలయం నేలమాళిగలో పాత ఫైళ్ల గదికి వెళ్లాను. దుమ్ముకి పద్నాలుగు తుమ్ములు తుమ్మాను. నా నగరంలో ఎవరికీ తుమ్ము రాదన్న ఆమె మాట గుర్తొచ్చింది. వచ్చింది మేడమ్, నాకు వచ్చింది అనుకున్నాను. కానీ దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు.

మూడో వారం ఊరి చివర మూతపడిన కర్మాగారానికి వెళ్లాను. తుప్పు పట్టిన గొట్టాలు, పగిలిన అద్దాలు, నాకు కావలసినవన్నీ ఉన్నాయి. గేటు కాసేవాడు నన్ను చూసి స్టూలు తెచ్చి వేశాడు.

“సాయంత్రం పూట ఇక్కడ భయం వెయ్యదా?” అని ఆశగా అడిగాను.

“భయమేంటి సార్, ఇంత ప్రశాంతంగా ఉంటే! నా టమాటా మొక్కలు చూశారా? ఆ బాయిలర్ వెనకాల నీడ పట్టునే ఎంత బాగా వచ్చాయో.” చూపించాడు. నిజంగానే బాగున్నాయి. వద్దంటున్నా వినకుండా నాలుగు కాయలు కోసి రుమాల్లో కట్టిచ్చాడు. నా పాడుపడిన ప్రపంచం నుంచి టమాటాలతో ఇంటికి వచ్చాను.

గడువుకి రెండు రోజులుందనగా, పట్టుదల కొద్దీ ఓ అధ్యాయం పూర్తిచేశాను. ఒక్క గదే. అందులో ఇనుప గోడలు, ఇనుప మంచం, ఇనుప వాన. పాత కాగితాల వెనకే రాశాను. హడావుడిలో కట్టంతా సర్ది, వరసగా టిక్కులు పెట్టి, మేనకోడలికి ఇచ్చి, “కొట్టేసి, పొద్దున షాపుకి వెళ్తూ మేడమ్‌కి ఇచ్చేసెయ్. మళ్లీ నాకు చూపించక్కర్లేదు” అన్నాను. నాకు జ్వరం వచ్చింది. ఇనుప వాన వల్లేనని ఇప్పటికీ నా అనుమానం.

వారం తర్వాత సంపాదకురాలు కబురు పెట్టింది. వెళ్లేసరికి ఆమె పెన్సిలు చెక్కడం లేదు. నన్ను చూసి లేచి నిలబడింది. నాకోసం ఇంతవరకు కార్యాలయంలో బంట్రోతు కూడా లేచి నిలబడలేదు.

“కూర్చోండి. ఇదెలా రాశారండీ?”

“ఏదో అలా...” అన్నాను. ఇనుప వాన ఆమెను అంతలా తడిపిందని లోపల పొంగిపోతున్నాను.

“మొదటి పేజీ చదివి ఇదేంటి అనుకున్నాను. రెండో పేజీకి అర్థమైంది.” కాగితం దగ్గరగా పట్టుకుని చదవడం మొదలుపెట్టింది. “‘ఉదయం 6.50. వంటగది. గ్లాసు మీద గ్లాసు. ఒకసారి. సాయంత్రం 5.40. పాట మొదలు. పురుషుడు. 5.41. దగ్గాను. పాట ఆగింది. 5.42. ఎవరో ఎవరితోనో ష్ అన్నారు. ఆ ష్ కూడా వినిపించింది. రేపు చెప్పాలి.’”

నాకు తల కొట్టేసినట్టయింది.

“ఆ దగ్గు ఉంది చూశారూ!” ఆమె చెయ్యి బల్ల మీద ఆనించి ముందుకు వంగింది. “పది అధ్యాయాల్లో మీ సైన్యాలు చెయ్యలేని పని ఆ దగ్గు చేసింది. అతను అరవడు, కొట్టడు. దగ్గుతాడు. అవతల ఒక మనిషి పాట మింగేస్తాడు. ఇక ఈ చివరి పేజీ. ‘5.40. ఏమీ లేదు. 5.41. ఏమీ లేదు. బాగుంది.’ ఈ ‘బాగుంది’ దగ్గర నేను కాగితాలు పక్కన పెట్టేసి, కిందికి వెళ్లి సైకిళ్లవాళ్ల దగ్గర కాసేపు కూర్చున్నానండీ. ఎవరైనా సుత్తితో ఏదైనా కొడితే వినాలనిపించింది.”

“ఊపిరి...” అన్నాను.

“ఆడలేదు. ఇంత సన్నటి నియంతని నేనెప్పుడూ చూడలేదు. తను మంచివాణ్నేనని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు చూడండి, అదీ భయం. ఎక్కడ పట్టారు ఇతన్ని?”

“బాగా తెలిసినవాడేనండీ.”

“మీ అదృష్టం. వదలకండి. ఆ పాత పది అధ్యాయాలూ మర్చిపోండి. ఇలాంటి గదులు ఇంకో ఆరు కావాలి. అదే ఇల్లు, అదే మనిషి. రెండు నెలల్లో ఇచ్చారంటే వెంటనే అచ్చుకి పంపుతాను.”

మెట్లు దిగుతుంటే నా కాళ్లు నేల మీద ఆనడం లేదు. మెచ్చుకోలు వల్లా, సిగ్గు వల్లా అన్నది తేల్చుకోవడానికి అక్కడే కాసేపు నిలబడ్డాను. రెండూ కలిసి వస్తే ఒంట్లో ఒకేలా ఉంటాయి.

సాయంత్రం మేనకోడలు షాపు నుంచి వచ్చేదాకా గుమ్మంలో కాపు కాశాను.

“ఏం పని చేశావే ఇది? ఏ వైపు కొట్టావ్?”

“టిక్కున్న వైపు.”

తను కట్ట తెచ్చి చూపించింది. ప్రతి పేజీలోనూ, శబ్దాల పట్టిక ఉన్న వైపు, పైమూల, నా చేత్తో, నా సిరాతో టిక్కు. కట్ట తిరగేసి పట్టుకుని ముప్పై ఒక్క టిక్కులు పెట్టాను. మనిషి చేసే పొరపాట్ల వెనక మనసు ఉద్దేశాలు దాక్కుని ఉంటాయని నేను లావుపాటి పుస్తకాలు మూడు చదివాను. ముప్పై ఒక్కసార్లు అదే పొరపాటు చేసినవాడి గురించి ఆ పుస్తకాలు ఏమంటాయో ఆ క్షణాన గుర్తు చేసుకోదలచుకోలేదు.

“చూస్తే తెలియదా? నవలకీ దీనికీ తేడా తెలియదా నీకు?”

“మొదటి పేజీకే తెలిసింది.”

“మరి అడగొద్దూ?”

మేనకోడలు తన బల్ల ముందున్న కాగితం వైపు చూసింది. నేనూ చూశాను. ‘ప్రశ్నలు అడగరాదు.’ అక్షరాలు పొందికగా ఉన్నాయి. నా దస్తూరీ ఎప్పుడూ బాగుంటుంది.

“ఇంకోటి చెప్పనా మావయ్యా?” గొంతు తగ్గించి అంది. ఆ ఇంట్లో తను మామూలుగా మాట్లాడే గొంతు అదేనని అప్పుడే గమనించాను. “మొదటి రెండు పేజీలు టిక్కుందని కొట్టాను. మిగతావి కొట్టాలనిపించి కొట్టాను. నువ్వు రాసినవాటిలో మొదటిసారి నేనూ ఉన్నాను. ‘7.20. చెప్పులు. మెట్లు దిగింది. నయం.’ అది నేనే కదా?”

తనే.

ఆ రాత్రి భోజనాల దగ్గర నా ఇంటిని మొదటిసారి పాఠకుడిలా చూశాను. కుర్చీ కాళ్లకు గుడ్డముక్కలు కట్టి ఉన్నాయి. ఎప్పుడు కట్టారో తెలియదు. వంటగది తలుపు లోపలికి తెరుచుకుంటుంది, దాని అంచున బావ పాత సైకిలు ట్యూబు ముక్క మేకు కొట్టి పెట్టాడు. ఆ మేకు నేను కార్యాలయంలో ఉన్నప్పుడు కొట్టి ఉంటాడు. అక్క గిన్నెలు ఒక్కొక్కటే తువ్వాలు పరిచి దాని మీద పెడుతోంది. బావకు ఏదో కావాలి కాబోలు, నోటితో అడగకుండా అక్క మోచేతిని రెండుసార్లు తట్టాడు. అక్క మంచినీళ్లు ఇచ్చింది. వాళ్లకి ఒక భాష ఉంది. ఆరేళ్లలో నా చుట్టూ, నాకు తెలియకుండా, నా నిబంధనల కోసం తయారైన భాష. పదకొండేళ్లు బుర్ర బద్దలు కొట్టుకున్నా నా భవిష్యత్ ప్రపంచానికి అంత మంచి వివరం ఒక్కటి కూడా తట్టలేదు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను వెంటనే ఆ కాగితాలు పీకెయ్యలేదు. సంపాదకురాలికి ఆరు గదులు కావాలి, నా ఇంట్లో ఉన్నవి మూడే, స్నానాల గదీ మెట్లూ బాల్కనీ కలిపితే ఆరవుతాయి. ఇల్లు ఇలాగే ఉంటేనే అవి రాయగలను. ఆరేళ్లు సర్దుకున్నవాళ్లు ఇంకో రెండు నెలలు సర్దుకోలేరా అనుకున్నాను. పుస్తకం రాగానే వాళ్లకే అంకితం ఇస్తాను కూడా. అంకితం వాక్యం రెండు రకాలుగా రాసి చూసుకున్నాను.

మర్నాడు సాయంత్రం తలుపేసుకుని, కాగితం ముందు పెట్టుకుని, 5.40 కోసం కాచుకుని కూర్చున్నాను. 5.40 అయింది. ఏమీ లేదు. అంతే చక్కగా, అంతే నిండుగా, ఇల్లంతా ఏమీ లేదు. ఆ సమయానికి బావ ముందు గదిలో తన మంచం మీద కూర్చుని ఉంటాడు. బస్సు నడిపే రోజుల్లో పక్క సీటువాళ్లు అడిగి మరీ పాడించుకునేవాళ్లట. ఇప్పుడు బస్సు లేదు, చూపు లేదు. గోడకి ఇవతల పెన్ను మూత తీసి నేను ఉన్నాను. అతను నోరు మూసుకుని ఉండటమే నాకు కావాలి. ‘ఏమీ లేదు’ అని రాశాను. తర్వాతి మాట రాయడానికి చెయ్యి తనంత తానే కదిలింది. ‘బా’ దాకా రాశాను.

అక్కడ ఆగి, లేచి, కాగితాలన్నీ పీకడం మొదలుపెట్టాను.

అక్క వంటగది గుమ్మంలోకి వచ్చి, “ఏమైందిరా? కొత్తవి అంటిస్తున్నావా?” అంది.

“కాదక్కా. ఇక ఇవేం లేవు. మీ ఇష్టం వచ్చినట్టు ఉండండి.”

వాళ్లు ముగ్గురూ నన్ను చూశారు. కాగితాలు తీసిన చోటల్లా గోడ మీద తెల్లగా నలుచదరపు మచ్చలు మిగిలాయి. దూరం నుంచి చూస్తే ఇంకా ఏదో రాసి ఉన్నట్టే ఉంది.

మర్నాడూ చప్పుడు లేదు. ఆ మర్నాడూ లేదు. మిక్సీ 7.10కి ఆగింది. మేనకోడలు ఫోను పట్టుకుని మెట్ల మీదికి వెళ్లింది. మూడో రోజు నాకు కోపం వచ్చింది.

“మామూలుగా ఉండమన్నానా లేదా?”

“రాసి అంటించు సర్క్యులర్,” అన్నాడు బావ. “అప్పుడుంటాం.”

మేనకోడలు ఫక్కున నవ్వి, వెంటనే చేత్తో నోరు మూసుకుంది.

“వాడి మీద జోకులెందుకండీ,” అంది అక్క. నా వైపు తిరిగి, “నీ తప్పేం లేదురా. మాకే అలవాటైపోయింది. మొన్న మార్కెట్టులో ఎవరో గిన్నె కింద పడేస్తే నేను ఉలిక్కిపడి నీ గది తలుపు ఎటుందా అని చూశాను. మార్కెట్టులో!” అని నవ్వింది. ఆ నవ్వు కూడా చాలా చిన్నగా ఉంది. సంపాదకురాలు ఉంటే దాన్ని ఎక్కడ పెట్టాలో చెప్పేది. నిజానికి నాకూ తెలుసు. మూడో గదిలో, రెండో పేరా చివర.

నాలాంటి మనిషిని ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. ఆ నిశ్శబ్దం పోవాలని నాలో ఒకడు ఏడుస్తుంటే, పోకముందే రాసేసుకోవాలని ఇంకొకడు తొందరపడుతున్నాడు. పెన్ను ఆ రెండోవాడి దగ్గరే ఉంది.

ఆదివారం సాయంత్రం 5.40కి నేను గదిలోంచి బయటికి వచ్చి, బావ మంచం దగ్గర నిలబడి, పాడాను. అతను పాడే ఆ పాటే. నాకు పల్లవి వచ్చు. ఆరేళ్లలో ఒక్కోసారి ఒక్కో నిమిషం చొప్పున విన్నాను కదా. నా గొంతు ఎలా ఉంటుందంటే, చెప్పడం నా వల్ల కాదు. ఎన్నాళ్లుగానో నేను వాడని మాట ఒకటే దానికి సరిపోతుంది, నూట పదమూడోసారి.

బావ మొహం బాధతో ముడుచుకుపోయింది. “ఆపు, ఆపు. ఏం పాపం చేసిందయ్యా ఆ పాట నీకు? అక్కడ పైకెళ్లకూడదు, జారాలి.” చేత్తో గాల్లో స్టీరింగు తిప్పుతున్నట్టు తిప్పి చూపించాడు. “మలుపులో బండి జారినట్టు. ఇలా.” అని పాడాడు. మొదట నెమ్మదిగా, గొంతు బిగపట్టి. నేను మళ్లీ తప్పు పాడాను. ఈసారి కావాలని కాదు. అతనికి ఒళ్లు మండి గట్టిగా అందుకున్నాడు. వంటగదిలో అక్క చేతిలోంచి మూత జారి, నేల మీద గిరగిరా తిరిగి తిరిగి ఆగింది. ఎవరూ ష్ అనలేదు.

రెండు నెలలయ్యాక సంపాదకురాలి దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్లాను.

“ఆరు గదులేవండీ?”

“లేవండీ. ఆ ఇంట్లో ఇప్పుడు తలుపులు చప్పుడు చేస్తున్నాయి.”

ఆమె ఎవరి ఇంట్లో అని అడగలేదు. తెలిసిందనుకుంటాను. “పాపం, మంచి నిశ్శబ్దం,” అంది. పాత పది అధ్యాయాలు నాకు తిరిగి ఇచ్చేసింది. పదకొండోది సొరుగులో పెట్టుకుంది, ఎప్పుడైనా ఏ సంకలనంలోనో వేద్దామని. తర్వాత టీ ఇచ్చింది. అది ఎప్పటిలాగే ఉంది, అంతా తాగాను.

ఇప్పుడు నేను కొత్తగా ఏమైనా రాస్తున్నానా అని అడిగితే, కూర్చుంటున్నాను. నిన్న సాయంత్రం కూడా కూర్చున్నాను. 5.40కి బావ మొదలుపెట్టాడు. పల్లవి, మొదటి చరణం, మళ్లీ పల్లవి. బాగా పాడుతున్నాడు, అదే ఇబ్బంది. ఒక వాక్యం సగంలో ఉండగా నా గొంతులో దగ్గు కదిలింది. ఆరేళ్ల అలవాటు, మంచి దగ్గు, సన్నటిది. మింగాను. కళ్లలో నీళ్లు వచ్చాయి. మింగినప్పుడు అయిన చప్పుడు గోడకి అవతల వినిపించినట్టుంది, పాట ఆగింది.

“మంచినీళ్లు కావాలా సర్క్యులర్?”

“వద్దు బావా,” అన్నాను. “రెండో చరణం కానీ.”